మెట్ట ఊళ్లలో కరెంటు తీగ: జాయింటుకు చోటు లెక్కగట్టిన చరిత్ర

నెల్లూరు జిల్లా పడమటి భాగంలోని ఉదయగిరి, ఆత్మకూరు ప్రాంతాలు 1953 అక్టోబరు 1 వరకు మద్రాసు రాష్ట్రంలో ఉండి, ఆనాడు ఆంధ్ర రాష్ట్రంలోకి, 1956 నవంబరు 1న ఆంధ్రప్రదేశ్‌లోకి వచ్చాయి. ఇక్కడి ఇళ్ల వైరింగు పద్ధతులు బ్రిటిష్ కాలపు అలవాట్ల నుంచే మొదలయ్యాయి. 1959 ఏప్రిల్ 1న రాష్ట్ర విద్యుత్ బోర్డు ఏర్పడి, 1965లో నెల్లూరులో 30 మెగావాట్ల థర్మల్ కేంద్రం పనిచేయడం మొదలై, 1969లో గ్రామీణ విద్యుదీకరణ సంస్థ పుట్టిన తరువాత, బావుల కింద సాగుచేసే మెట్ట ఊళ్లకు కరెంటు విస్తరణ వేగం పుంజుకుంది.

తొలి తరం వైరింగులో తీగ గోడ మీదే కనిపించేది. టేకు చెక్కలో గాడులు తీసి, తీగలు పరిచి, పైన మూతచెక్క బిగించే కేసింగ్-కేపింగ్ పద్ధతి ముందు వచ్చింది. సన్నని టేకు పట్టీ మీద రేకు క్లిప్పులతో తీగను పట్టి ఉంచే బ్యాటెన్ పద్ధతి దానిని అనుసరించింది. ఈ రెండింటిలోనూ జాయింటు, అంటే రెండు తీగల కొనలను ఒలిచి, మెలిపెట్టి, టేపు చుట్టిన చోటు, చెడినా వెదికి పట్టుకోవడం సులువు. అయినా మంచి పనివాడు ‘లూపింగ్’నే పాటించేవాడు, అంటే తీగను దారి మధ్యలో అతకకుండా, ఒక స్విచ్చు లేదా సీలింగ్ రోజ్ స్క్రూ దగ్గర బిగించి, అక్కడి నుంచే తరువాతి దానికి మరో ముక్కను నడిపేవాడు. రాగి కొరత వల్ల అల్యూమినియం తీగలు ఇళ్లలోకి వచ్చాక ఈ జాగ్రత్త మరీ అవసరమైంది. ఆ లోహం ఒత్తిడికి మెల్లగా సాగి, స్క్రూ కింద వదులై, వేడెక్కే స్వభావం కలది.

గోడలోనూ స్లాబులోనూ పూడ్చే పైపు, అంటే కాండ్యూట్, వచ్చిన తరువాత తీగ కంటికి కనిపించకుండా పోయింది, జాయింటును ఎక్కడ దాచాలన్న ప్రశ్న ముందుకు వచ్చింది. పైపులో జాయింటు ఉండరాదని, అది తెరవగలిగే డబ్బాలోనే ఉండాలని నియమం ఏర్పడగా, కేంద్ర ప్రజాపనుల శాఖ పట్టికలు పైపులో పట్టే తీగల సంఖ్యను కూడా నిర్ణయించాయి: 25 మిల్లీమీటర్ల పైపు 4.25 మీటర్లకు మించకుండా తిన్నగా ఉంటే 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలు 8, వంపులు ఉంటే 6.

డబ్బాలో ఎన్ని జాయింట్లు పడతాయన్న లెక్కను ఘనపరిమాణంతో కట్టినవారు అమెరికావారు. అక్కడ 1897లో మొదలైన జాతీయ విద్యుత్ నియమావళి ప్రకారం, మూత తీయగల పైపు మలుపు డబ్బాలో జాయింటు వేయాలంటే దాని లోపలి ఘనపరిమాణం దాని మీద ముద్రించి ఉండాలి. 14 గేజి తీగకు 2, 12 గేజి తీగకు 2.25 ఘనపు అంగుళాల వంతున చోటు వదలాలి. డబ్బాలోకి వచ్చి జాయింటుతో ముగిసే ప్రతి తీగ ఒకటిగా లెక్కకు వస్తుంది, అతకకుండా దాటిపోయేదీ ఒకటే, ఎర్త్ తీగలు రెండు ఉన్నా వాటికి కలిపి ఒకే వాటా.

ఇక్కడి 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగ ఆ రెండు గేజిల నడిమిది కనుక, లావైన 12 గేజినే ప్రమాణంగా తీసుకుంటే ఒక్కో తీగకు సుమారు 37 ఘన సెంటీమీటర్లు కావాలి. లోపల 6.5 సెంటీమీటర్ల వ్యాసం, 5 సెంటీమీటర్ల లోతు ఉన్న గుండ్రని డబ్బాలో 166 ఘన సెంటీమీటర్ల చోటు ఉంటుంది. 37తో భాగిస్తే నాలుగున్నరకు కాస్త తక్కువ వస్తుంది, అంటే నాలుగు తీగలే. ఫేజుకు ఒక జాయింటు, న్యూట్రలుకు ఒక జాయింటు వేస్తే ఆ నాలుగూ నిండిపోతాయి. ఎర్త్ జాయింటుకు చోటు మిగలదు. చూడటానికి ఖాళీగా ఉన్న డబ్బాలో తీగలను కుక్కి మూత నొక్కితే మెలిక వదులవుతుంది, టేపు చిరుగుతుంది, వేడి బయటికి పోదు.

1956 భారత విద్యుత్ నియమాలు వైరింగు పనిని లైసెన్సు గల కాంట్రాక్టరుకు, అర్హత పత్రం గల పర్యవేక్షకుడికి అప్పగించింది ఇలాంటి పొరపాట్లు జరగకుండా చూడటానికే. కొత్త ఇల్లు కట్టేవారు స్లాబు పోయకముందే లోతైన డబ్బాలు పెట్టించుకోవడం, ప్రతి జాయింటూ మూత తీస్తే చేతికి అందేలా చూడటం మేలు. పూడ్చిన పైపులోని జాయింటు చెడితే గోడ పగలగొట్టవలసి రావచ్చు.