రోజువారీ కారుకు సస్పెన్షన్ మార్పులు: పరిమిత ఖర్చులో ఏది ముందు, ఏది అనవసరం

సూరత్: మెట్రో నిర్మాణం కోసం మళ్లించిన దారులు, వానకు ఉబ్బి ఎండకు కుంగే నల్లరేగడి నేలపై వేసిన రోడ్లు, తాపీ నదిపైనా నగరం నడిబొడ్డునా వరుసగా ఎదురయ్యే వంతెనల అతుకులు. సూరత్‌లో రోజూ కారు నడిపేవారి వెన్ను ఈ మూడింటినీ గుర్తుపడుతుంది. లింబాయత్, ఉధ్నా ప్రాంతాల్లో మరమగ్గాల పనిమీద వచ్చి స్థిరపడిన తెలంగాణ కుటుంబాలు మొదలుకొని వస్త్ర మార్కెట్ల గుమాస్తాల వరకు, మధ్యతరగతి ఇంటికి వచ్చే మొదటి కారు తరచుగా సెకండ్ హ్యాండ్‌దే అయి ఉంటుంది. దానికి సీఎన్‌జీ కిట్టు కూడా ఉంటుంది. ఏడాది తిరగకముందే వెనుక భాగం కిందికి దిగడం, గుంతల్లో దడదడ శబ్దం రావడం మొదలవుతాయి. అప్పుడు గ్యారేజీలో వినిపించే సలహాలు అనేకం: గట్టి స్ప్రింగులు వేయండి, రబ్బరు బఫర్లు పెట్టండి, గ్యాస్ షాకులు మార్చండి, పెద్ద అల్లాయ్ చక్రాలు బిగించండి. వీటిలో కొన్ని ఉపయోగకరం, కొన్ని దండుగ, ఒకటి రెండు ప్రమాదకరం కూడా.

సస్పెన్షన్‌లో ప్రధానంగా రెండు పనులు జరుగుతాయి. బరువును మోసేది, కుదుపును తనలోకి తీసుకునేది స్ప్రింగు. అలా తీసుకున్న శక్తితో బండి ఊగుతూ ఉండకుండా ఆపేది షాక్ అబ్జార్బర్. లోపలి నూనెను సన్నని రంధ్రాల గుండా నెట్టి, ఆ కదలికను వేడిగా మార్చి వదిలేస్తుంది. షాకు బరువును మోయదు. ఈ చిన్న విషయం తెలియక, వెనుక భాగం దిగిపోయిన కారుకు కొత్త షాకులు వేయించుకుని, ఎత్తు పెరగలేదని మెకానిక్‌తో తగాదా పడేవారు తక్కువేమీ కాదు. వీటికి తోడుగా లోయర్ ఆర్మ్ బుష్‌లు, బాల్ జాయింట్లు, స్టెబిలైజర్ లింక్ రాడ్లు, ముందు స్ట్రట్ పైన ఉండే మౌంటు, చివరి దెబ్బను కాచుకునే బంప్ స్టాప్ ఉంటాయి. ఇవన్నీ రబ్బరుతోనో, చిన్న కీళ్లతోనో పనిచేసేవి కనుక ముందుగా అరిగేవీ ఇవే.

అందువల్ల బడ్జెట్ పరిమితంగా ఉన్నవారు వేసుకోవలసిన మొదటి ప్రశ్న ‘ఏది మెరుగైన భాగం’ అన్నది కాకూడదు, ‘ఏది అరిగింది’ అన్నది కావాలి. 70, 80 వేల కిలోమీటర్లు తిరిగిన కారుకు కంపెనీ ప్రమాణాల కొత్త భాగాలు వేస్తే కలిగే తేడా, చాలామంది అప్‌గ్రేడ్ పేరిట ఆశించే తేడా కంటే ఎక్కువగా ఉంటుంది. షాకులను సుమారు 80 వేల కిలోమీటర్ల వద్ద తప్పనిసరిగా పరీక్షించాలన్నది తయారీదారులు సాధారణంగా చెప్పే మాట. గుంతల రోడ్లపై ఆ గడువు ఇంకా ముందే రావచ్చు.

శబ్దమే చాలావరకు రోగాన్ని చెబుతుంది. చిన్న చిన్న ఎగుడుదిగుళ్ల మీద టకటకమని కొట్టుకుంటే ముందుగా లింక్ రాడ్లను అనుమానించాలి. సస్పెన్షన్‌లో అత్యంత చవకైన భాగాల్లో అదొకటి. స్టీరింగు తిప్పుతున్నప్పుడు ముందు నుంచి కిర్రుమనడం, టక్కుమని జారినట్లు తగలడం స్ట్రట్ మౌంటు బేరింగు లక్షణం. బ్రేకు వేసినప్పుడు దభీమని ఒక్క దెబ్బ వినిపిస్తే లోయర్ ఆర్మ్ బుష్ చిరిగి ఉండవచ్చు. షాకు చెడితే శబ్దం కంటే నడకలోనే తేడా ఎక్కువగా తెలుస్తుంది. వంతెన అతుకు దాటాక బండి ఒకసారి లేచి కుదురుకోకుండా రెండు మూడుసార్లు ఊగుతుంది, బ్రేకు వేస్తే ముక్కు లోతుగా వంగుతుంది, టైరు అంచున చేతితో తడిమితే అలలు అలలుగా అరుగుదల తగులుతుంది. షాకు ఒంటిపై నూనె తడి కనిపిస్తే ఇక సందేహం అక్కరలేదు. కారు మూలను చేతులతో నొక్కి వదిలి చూసే పాత పరీక్ష పూర్తిగా పాడైన షాకును మాత్రమే పట్టిస్తుంది. సగం బలహీనపడినది ఆ పరీక్షలో నెగ్గిపోతుంది.

పైసా ఖర్చు లేకుండా చూడవలసినది టైర్ల గాలి. డ్రైవర్ తలుపు పక్కన అంటించిన పట్టికలో ఇచ్చిన పీడనం కంటే నాలుగైదు పాయింట్లు ఎక్కువ గాలి నింపడం బంకుల్లో అలవాటుగా మారింది. దానివల్ల మైలేజీ పెరుగుతుందో లేదో కానీ నడక గట్టిపడటం మాత్రం ఖాయం. ఉదయం టైరు చల్లగా ఉన్నప్పుడు కొలిచిన అంకెనే లెక్కలోకి తీసుకోవాలి.

టైరు కొలత విషయంలో చాలామంది ఎదురు దిశలో ఖర్చు పెడతారు. మారుతి స్విఫ్ట్ కింది శ్రేణి రకాలకు 165/80 ఆర్14, పై రకాలకు 185/65 ఆర్15 టైర్లు వచ్చాయి. రెండింటి మొత్తం వ్యాసం సుమారు 620 మిల్లీమీటర్లే. అయితే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య ఉండే టైరు గోడ ఎత్తు మొదటిదానిలో 132 మి.మీ., రెండోదానిలో 120 మి.మీ. అదే వ్యాసం గల 195/55 ఆర్16 టైరులో అది 107 మి.మీ.కు తగ్గుతుంది. ఆ తగ్గిన ప్రతి మిల్లీమీటరూ గుంత దెబ్బను మెత్తగా అందుకునే గాలి దిండులో కోతే. దానిపై పెద్ద రిమ్ముల అదనపు బరువు కూడా చేరుతుంది. కుదుపు తగ్గించుకోవాలనుకునే సూరత్ వాహనదారుడు పదహారు అంగుళాల అల్లాయ్‌ల కోసం డబ్బు వెచ్చించడం కంటే, అదే మోడల్‌కు కంపెనీ అనుమతించిన చిన్న రిమ్ము, ఎత్తైన గోడ గల టైరు వైపు చూడటం వివేకం.

సీఎన్‌జీ బరువు లెక్క

గుజరాత్‌లో ఈ చర్చను సీఎన్‌జీ నుంచి వేరు చేయలేం. సిలిండరు, దాని చట్రం, కిట్టు కలిసి చిన్న కారుపై సుమారు 80 నుంచి 100 కిలోల అదనపు భారం మోపుతాయి. అందులో దాదాపు అంతా డిక్కీలో, అంటే వెనుక ఇరుసు మీదే పడుతుంది. కంపెనీ నుంచే సీఎన్‌జీతో వచ్చే కార్లలో వెనుక సస్పెన్షన్‌ను ఈ బరువుకు తగినట్లు సర్దుబాటు చేస్తారు. బయట కిట్టు బిగించిన పెట్రోలు కారులో మాత్రం పాత స్ప్రింగులే కొత్త బరువు మోస్తాయి.

ఉదాహరణకు, రెండు వెనుక స్ప్రింగులూ కలిసి నాలుగు కిలోల బరువుకు ఒక మిల్లీమీటరు చొప్పున కుంగుతాయనుకుందాం. 90 కిలోల కిట్టుతో కారు వెనుక భాగం సుమారు 22 మి.మీ. దిగుతుంది. వెనుక సీటులో ముగ్గురు పెద్దవాళ్లు కూర్చుంటే, వారి బరువులో 140 కిలోలు వెనుక ఇరుసుపై పడినా మరో 35 మి.మీ. తగ్గుతుంది. మొత్తం 57 మి.మీ. స్ప్రింగు కుంగడానికి మిగిలే చోటు ఇరుకైపోయి, ప్రతి స్పీడ్ బ్రేకర్ దగ్గరా బంప్ స్టాప్‌కు దెబ్బ తగులుతుంది. ప్రయాణికులు ‘షాకులు పోయాయి’ అని భావించే దెబ్బ చాలాసార్లు ఇదే. పైగా వెనుక భాగం దిగితే హెడ్‌లైట్లు పైకి లేచి ఎదుటివారి కళ్లలో పడతాయి.

దీనికి సరైన మందు అదే మోడల్ సీఎన్‌జీ లేదా డీజిల్ రకానికి కంపెనీ వాడిన వెనుక స్ప్రింగు. పార్ట్ నంబరు చూసి, బిగింపు కొలతలు సరిపోతాయని అధీకృత కౌంటరులో నిర్ధారించుకుని తీసుకోవాలి. ఒక జత స్ప్రింగుల ధర కాయిల్‌ఓవర్ కిట్టుతో పోలిస్తే చాలా స్వల్పం. స్ప్రింగు చుట్ల మధ్య ఇరికించే రబ్బరు బఫర్లు ఇంతకంటే చవక. అవి ఎత్తును కొంత నిలబెడతాయి కూడా. కానీ ఇరికించిన చోట ఆ చుట్టు పనిచేయడం మానేస్తుంది, భారమంతా మిగిలిన చుట్లపై పడుతుంది. ఒంటరిగా నడిపేటప్పుడు వెనుక భాగం బల్లలా గట్టిగా తగులుతుంది. ఏడాదికి నాలుగుసార్లు ఇంటిల్లిపాదీ సామానుతో 53వ నంబరు జాతీయ రహదారిపై ధూలే మీదుగా సొంతూరికి వెళ్లేవారికి అది తాత్కాలిక ఉపశమనం కావచ్చు. శాశ్వత పరిష్కారంగా దాన్ని అమ్మడం మాత్రం సమంజసం కాదు.

స్ప్రింగు గట్టిదనం ఎంత సున్నితమైన విషయమో తెలిపే లెక్క ఒకటుంది. తీగ మందం పది శాతం పెరిగితే గట్టిదనం పెరిగేది పది శాతం కాదు, దాదాపు 46 శాతం. ఎందుకంటే అది మందం నాలుగో ఘాతాన్ని బట్టి మారుతుంది. చుట్ల సంఖ్య తగ్గినా గట్టిదనం పెరుగుతుంది. ఎత్తు తగ్గించడానికి స్ప్రింగును కోసే పద్ధతి ఇందుకే రెండు విధాలా నష్టం: కదలడానికి చోటు తగ్గుతుంది, గట్టిదనం పెరుగుతుంది. కోసిన చివర గిన్నెలో సరిగా కూర్చోక, గుంతలో చక్రం వేలాడినప్పుడు స్ప్రింగు పక్కకు తొలగే ప్రమాదం వేరే. సాధారణ ప్రయాణికుల కార్లలో శరీరానికి హాయిగా ఉండే ఊగు వేగం సెకనుకు ఒకటి నుంచి ఒకటిన్నర సార్లు. స్ప్రింగులను గట్టిపరుస్తూ పోతే ఈ పరిధి దాటిపోతాం, పాత షాకులు వాటిని అదుపు చేయలేవు కూడా.

షాకుల ఎంపికలో ‘గ్యాస్’ అన్న మాటకు ఉన్న మోజు దానికి తగినది కాదు. రెండు గొట్టాల షాకులోనూ తక్కువ పీడనంతో నైట్రోజన్ నింపుతారు. నూనెలో నురగ రాకుండా ఆపడమే దాని పని. ఒకే గొట్టం గల మోనోట్యూబ్ రకంలో అధిక పీడన వాయువు నూనె నుంచి వేరుగా ఉంటుంది, వేడిని త్వరగా వదులుతుంది. ఘాట్ రోడ్డుపై వేగంగా పోయేవారికి ఆ లాభం తెలుస్తుంది. రింగు రోడ్డు ట్రాఫిక్‌లో గంటకు ఇరవై కిలోమీటర్లతో కదిలే కారులో నడక మరింత గట్టిగా అనిపించడమే మిగులుతుంది. 1961 నుంచి దేశంలో షాకులు తయారు చేస్తున్న గాబ్రియెల్ వంటి సంస్థల సాధారణ రకం, లేదా కంపెనీ అసలు భాగం ఈ అవసరానికి చాలు. ఎత్తు మార్చుకునే విదేశీ కాయిల్‌ఓవర్ కిట్ల ధర లక్ష రూపాయల పరిసరాల్లో మొదలై పైకి పోతుంది; సెకండ్ హ్యాండ్ చిన్న కారు విలువలో అదెంత భాగమో యజమానే చూసుకోవచ్చు.

రోడ్డు పక్కన అమ్మే ‘రీకండిషన్డ్’ షాకుల జోలికి పోకపోవడం మంచిది. పాత గొట్టానికి రంధ్రం చేసి, ఏదో ఒక నూనె నింపి, వెల్డింగు వేసి, రంగు పూసినవి ఇందులో ఎక్కువ. లోపలి వాల్వు, సీలు పాతవే కనుక కొద్ది నెలల్లోనే లీకు మొదలవుతుంది. 2025 సెప్టెంబరు 22 నుంచి విడిభాగాలపై జీఎస్టీ 28 శాతం నుంచి 18 శాతానికి తగ్గింది. బిల్లుతో కొంటే కొత్త రేటు కనిపించాలి. వారంటీకి ఆధారమూ ఆ బిల్లే.

ఎత్తు తగ్గించాలన్న యువకుల సరదాకు సూరత్ వీధులే జవాబు చెబుతాయి. ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ మార్గదర్శకాల ప్రకారం స్పీడ్ బ్రేకర్ 3.7 మీటర్ల వెడల్పున, 10 సెంటీమీటర్ల ఎత్తున గుండ్రంగా ఉండాలి. గంటకు 25 కి.మీ. వేగంతో సాఫీగా దాటగలగాలి. సొసైటీల లోపల సొంతంగా పోసుకున్న సన్నని సిమెంటు దిమ్మెలకు ఈ కొలతలతో సంబంధం ఉండదు. 163 మి.మీ. గ్రౌండ్ క్లియరెన్స్ గల స్విఫ్ట్‌ను 40 మి.మీ. దించితే మిగిలేది 123 మి.మీ.; కుటుంబం ఎక్కాక అందులోనూ కోత పడుతుంది. స్పేసర్లతో ఎత్తు పెంచడమూ నిరపాయం కాదు. డ్రైవ్ షాఫ్ట్ కీళ్లు వాలుగా తిరిగి త్వరగా అరుగుతాయి, చక్రాల కోణాలు మారతాయి, మలుపులో బండి ఎక్కువగా ఒరుగుతుంది.

చట్టం సంగతి కూడా మరువరాదు. కేరళ నుంచి వచ్చిన కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు, తయారీదారు పేర్కొన్న అసలు ప్రమాణాలకు భిన్నంగా వాహనాన్ని మార్చరాదని మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్‌ను వ్యాఖ్యానించింది. అదే ఏడాది సవరణతో చేరిన 182ఏ సెక్షన్, అనుమతి లేని ప్రతి మార్పుకు 5,000 రూపాయల జరిమానా లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ విధించవచ్చని చెబుతోంది. అరిగిన భాగం స్థానంలో అదే ప్రమాణం గల భాగం వేయడం మరమ్మతు మాత్రమే. ఎత్తును, చక్రాల కొలతను మార్చడం వేరు. చేయదలిచినవారు ముందే ఆర్టీఓ కార్యాలయంలో విచారించి, బీమా సంస్థకు రాతపూర్వకంగా తెలపాలి. తెలపని మార్పు ప్రమాదం తరువాత క్లెయిము తిరస్కరణకు కారణం కాగలదు. బయట బిగించిన సీఎన్‌జీ కిట్టు ఆర్‌సీలో నమోదై ఉండాలన్నదీ ఇక్కడే గుర్తుంచుకోవాలి.

ఇక డబ్బు ఖర్చు చేసే వరుస. గాలి, అలైన్‌మెంట్ చూసి, లింక్ రాడ్లు, బుష్‌ల దగ్గర మొదలుపెట్టాలి. తరువాత షాకులు, మౌంట్లు, బంప్ స్టాప్‌లు, దుమ్ము కవర్లు అదే విడతలో మార్చకపోతే కూలీ రెండుసార్లు పడుతుంది. ఒక ఇరుసుకు రెండు వైపులా కలిపి మార్చాలి. డబ్బు ఒకేసారి అందకపోతే ముందు జత ఈ నెల, వెనుక జత పై నెల మార్చుకోవచ్చు కానీ, ఎడమది ఇప్పుడు, కుడిది తరువాత అన్న పద్ధతి పనికిరాదు. బండి ఎత్తు నిజంగా తగ్గిందని కొలిచి తేల్చుకున్నాకే స్ప్రింగుల వంతు. సమతల నేలపై, ఖాళీ బండిలో, చక్రం కేంద్రం నుంచి ఫెండర్ అంచు వరకు నాలుగు మూలలా టేపుతో కొలిచి రాసుకుంటే చాలు.

బిగింపులో ఒక పొరపాటు విస్తృతంగా కనిపిస్తుంది. కారు లిఫ్టుపై, చక్రాలు వేలాడుతుండగానే లోయర్ ఆర్మ్ బోల్టులను పూర్తిగా బిగించేస్తారు. బండి నేలకు దిగగానే లోపలి రబ్బరు మెలితిరిగి, ఎప్పుడూ ఒత్తిడిలోనే ఉండి, త్వరగా చిరిగిపోతుంది. చివరి బిగింపు బరువు చక్రాలపై పడిన తరువాతే జరగాలని యజమాని ముందుగానే చెప్పడం మంచిది. ముందు స్ట్రట్ విప్పినప్పుడల్లా అలైన్‌మెంట్ చేయించి, పాత, కొత్త కోణాల ప్రింటు తీసుకోవాలి. వెయ్యి కిలోమీటర్లు తిరిగాక బోల్టులను మరోసారి చూపించి, నాలుగు మూలల ఎత్తును మళ్లీ అదే టేపుతో కొలవాలి. కొత్త స్ప్రింగులు మొదటి వారాల్లో కొద్దిగా సర్దుకుంటాయి కనుక రెండు మూడు మిల్లీమీటర్ల తేడాకు కంగారు అక్కరలేదు. ఒక మూల మాత్రమే గణనీయంగా దిగి ఉంటే స్ప్రింగు గిన్నెలో సరిగా కూర్చోలేదని అర్థం, ఆ రోజే గ్యారేజీకి తిరిగి తీసుకెళ్లాలి.