మాంసపు కూరలో పులుపు, కారము

పిట్లము వంటి తెలంగాణా గ్రామములలో వేసవి తొలిదినములందు చింతచిగురుతో మాంసము వండుట వాడుక. ఆ కూరలోని పులుపును, కారమును అనాదిగా మనవే యని తలంతుము. చరిత్ర యట్లు చెప్పదు.

చింత ఆఫ్రికాలో బుట్టి ప్రాచీనకాలముననే మన దేశము చేరినది. అరబ్బులు దాని పండును 'హిందూ ఖర్జూరము' అనిరి. మిరప నిన్నమొన్నటి అతిథి. 1492లో కొలంబసు అమెరికా దీవులకు బోవువఱకు మనదేశమున దాని నెఱిగినవారు లేరు. 1498లో వాస్కోడగామా కళ్ళికోట చేరిన పిమ్మట పోర్చుగీసు నావలతో నది వచ్చినది. 1323లో అస్తమించిన కాకతీయుల కాలమున కూరకు కారమిచ్చినవి మిరియములును, అల్లమును. మిరియపుకాయయే మిరపకాయ యైనదందురు.

మిరియము మలబారునుండి వచ్చు వెలగల సరకు. మిరప పేదవాని పెరటనే పండెను. కనుకనే అది గెలిచినది. వచ్చినదానిని పరాయిదని త్రోసివేయుటకు ముందు మన కూరకుండను చూతము.