దుబాయ్‌ల దుకాణం నీదే.. కాయిదం ఎవరి పేరు మీదుంది?

గల్ఫ్ అంటే మన జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ దిక్కు కూలికి పోయే దేశమనే లెక్క. కానీ పదేండ్లు, ఇరవయ్యేండ్లు ఆడ కష్టం చేసినోళ్లకు పనితనం వస్తది, నాలుగు పైసలు వెనకేసుకుంటరు. ఇంకొకని కింద ఎన్నేండ్లు చేస్తం, సొంతంగ కటింగ్ షాపో, కిరాణమో, మెస్సో, ఏసీ రిపేరు దుకాణమో పెట్టుకుందామనుకుంటరు. గప్పుడే ప్రశ్నలు మొదలైతయి. వేరే దేశపోడు ఆడ కంపెనీ పెట్టొచ్చా? ఎవరి పేరు మీద పెట్టాలె? ఏం కాయిదాలు కావాలె? ఏజెంటు ఒకటి చెప్తడు, రూంల దోస్తు ఇంకోటి చెప్తడు. అందుకే యూఏఈ, అంటే దుబాయ్, అబూధాబీ, షార్జా ఉన్న దేశం సంగతి ఒక్క కాడ చెప్పుకుందాం.

పాత లెక్క: 51, 49

చానా ఏండ్లు ఆ దేశంల ఫ్రీ జోన్ల బయట ఎల్‌ఎల్‌సీ కంపెనీ పెట్టాలంటే 51 శాతం వాటా ఆ దేశపు మనిషి పేరు మీద ఉండాలని చట్టం. పెట్టుబడి మొత్తం మనోడే పెట్టినా, పొద్దుగాల షట్టర్ లేపేది, రాత్రి దించేది మనోడే అయినా, కాయిదం మీద పెద్ద వాటా లోకల్ పార్ట్‌నర్‌దే. ఆయనకు ఏడాదికింత అని ఫీజు కట్టాలె. లోపల ఇంకో ఒప్పందం రాసుకుందురు, అసలు యజమాని ఫలానాయన అని. కానీ తకరారు వచ్చినప్పుడు ముందుగాల లెక్కకొచ్చేది లైసెన్సు మీద, కంపెనీ ఒప్పంద పత్రం మీద ఉన్న పేరే. చాటుకు రాసుకున్న ఒప్పందాన్ని నమ్ముకున్నోళ్లు నడిచే దుకాణాలు ఇడిసిపెట్టి ఇంటికొచ్చిన కథలు గల్ఫ్ పల్లెలల్ల చెప్తనే ఉంటరు.

2021ల మారింది ఏంది?

2020ల ఆ దేశం కంపెనీల చట్టాన్ని సవరించింది. 2021 జూన్ 1 నుంచి అది అమలుకొచ్చింది. చానా వ్యాపారాలకు లోకల్ పార్ట్‌నర్ అవసరం పోయింది. దుబాయ్, అబూధాబీ రెండూ వెయ్యికి పైగ వ్యాపారాల లిస్టులు పెట్టినయి, వాటిల వేరే దేశపోళ్లకు 100 శాతం వాటా ఉండొచ్చని. ఒక్కడే మనిషి కూడ ఎల్‌ఎల్‌సీ పెట్టుకోవచ్చు. డిఫెన్స్, బ్యాంకులు, మనీ ఎక్స్‌ఛేంజ్, ఇన్సూరెన్స్, టెలికాం, హజ్ యాత్ర సేవల అసొంటి కొన్నిటికి మాత్రం వేరే రూల్స్ ఉన్నయి.

గీడ ఒక్క ముచ్చట మర్వొద్దు. చట్టం మారంగనే పాత కంపెనీ దానంతట అది నీ పేరు మీదికి రాదు. లోకల్ పార్ట్‌నర్ సంతకం పెట్టాలె, వాటా మార్చాలె, ఒప్పంద పత్రం మళ్ల రాయాలె. ఇప్పటికీ పాత పద్ధతిలనే నడుస్తున్న దుకాణం ఉంటే ఆ పని మంచిగున్నప్పుడే చేసుకోవాలె. లొల్లి వచ్చినంక ఆ సంతకం దొరకుడు కష్టం.

మూడు తొవ్వలు

మొదటిది మెయిన్‌ల్యాండ్. దుబాయ్‌ల అయితే ఎకానమీ, టూరిజం డిపార్ట్‌మెంట్ లైసెన్సు ఇస్తది. ఊర్ల ఏడనైనా దుకాణం తెరిచి జనానికి అమ్ముకోవచ్చు. కటింగ్ షాపు, కిరాణం, కాంట్రాక్టు పనులకు గిదే తొవ్వ.

రెండోది ఫ్రీ జోన్. 1985ల జెబెల్ అలీతోని ఇది షురువైంది. ఫ్రీ జోన్లల్ల 100 శాతం వాటా మొదటి నుంచీ ఉంది. ఎగుమతి, దిగుమతి, ఆన్‌లైన్ పనులు, సాఫ్ట్‌వేర్ చేసేటోళ్లకు పనికొస్తది. కానీ వేరే పర్మిషన్ లేకుంట జోన్ బయటికొచ్చి బజార్ల దుకాణం పెడతానంటే నడ్వది. చీప్‌ల వస్తదని ఫ్రీ జోన్ లైసెన్సు అంటగట్టి, దాంతోని ఊర్ల షాపు తెరువుమనే ఏజెంట్లతోని జాగ్రత్త.

మూడోది ఆఫ్‌షోర్. అది ఆస్తులు, వాటాలు పెట్టుకునేటందుకే. దానితోని వీసా రాదు, ఆడ వ్యాపారం చెయ్యరాదు. మనసొంటోళ్లకు దానితోని పని లేదు.

వరుస ఎట్ల?

మెయిన్‌ల్యాండ్‌ల పని ఇట్ల నడుస్తది. ముందుగాల ఏం వ్యాపారమో తేల్చుకోవాలె, ఎందుకంటే లైసెన్సు మీద రాసిన పని తప్ప ఇంకోటి చేస్తే ఫైన్ పడ్తది. ఆ తర్వాత పేరు రిజిస్టర్. ఆ తర్వాత ఇనీషియల్ అప్రూవల్. అప్పుడు కంపెనీ ఒప్పంద పత్రం, దాంట్ల ఎవరి వాటా ఎంత, మేనేజర్ ఎవరు, లాభం ఎట్ల పంచుకుంటరు అన్నీ ఉంటయి. అటెన్క జాగ కిరాయి ఒప్పందం. దుబాయ్‌ల దీన్ని ఎజారీ అంటరు. తిండి దుకాణమైతే మున్సిపాలిటీ పర్మిషన్ కూడ కావాలె. ఇవన్నీ అయినంక ఫీజు కడితే లైసెన్సు వస్తది.

అయినా పని ఒడ్వది. ఎస్టాబ్లిష్‌మెంట్ కార్డు తీస్కోవాలె, నీ వీసా మార్చుకోవాలె, బ్యాంకు ఖాతా తెరవాలె. బ్యాంకు కాడ మస్తు మందికి ఆలస్యమైతది. పైసలు ఏడికెళ్లి వచ్చినయి, అసలు యజమాని ఎవరు అని నిలేసి అడుగుతరు. ఇప్పటికే ఒక కంపెనీల వర్క్ వీసా మీద ఉన్నోళ్లు ఆ కంపెనీ ఎన్‌ఓసీ కావాల్నా, వీసా క్యాన్సిల్ చేసుకోవాల్నా అని పైసలు కట్టక ముందే అడిగి తెల్సుకోవాలె.

ఎల్‌ఎల్‌సీకి ఇంత పెట్టుబడి చూపియ్యాలె అని కచ్చితమైన లెక్క లేదు. కానీ లైసెన్సు ఫీజు ఒక్కటే ఖర్చనుకుంటే ఆరు నెలలకే మునుగుతవు. కిరాయి, వీసాలు, ఇన్సూరెన్సు, ఏటేటా రెన్యువల్ అన్నీ లెక్కేసుకోవాలె.

పన్ను లేదన్న మాట పాతది

2018 జనవరి 1 నుంచి 5 శాతం వ్యాట్ ఉంది. ఏడాది అమ్మకం 3,75,000 దిర్హాంలు దాటితే రిజిస్టర్ కావాలె. 2023 జూన్ నుంచి కంపెనీ పన్ను కూడ వచ్చింది. లాభం 3,75,000 దిర్హాంల దాక పన్ను లేదు, ఆపైన దానికి 9 శాతం. లాభం రాకున్నా రిజిస్టర్ మాత్రం చేసుకోవాలె. టైముకు చేసుకోకుంటే 10,000 దిర్హాంల ఫైన్. చిన్న దుకాణపోళ్లు చానామంది గీడనే దెబ్బ తింటరు.

పార్ట్‌నర్ వీసా అని ఆశ పెడితే

కొత్త పిల్లగాండ్లు ఇది మంచిగ చదవాలె. "లేబర్ వీసా కాదు, పార్ట్‌నర్ వీసా, నువ్వే ఓనర్" అని లక్షలు గుంజే ఏజెంట్లు ఉన్నరు. పేరుకు కంపెనీల ఒక చిన్న వాటా రాస్తరు. పని మాత్రం అదే బరువులు మోసుడు. పార్ట్‌నర్ అంటే కాయిదం ప్రకారం కూలోడు కాదు. జీతం రాలేదని, గ్రాట్యుటీ ఇయ్యలేదని లేబర్ ఆఫీసుకు పోతే నువ్వు వర్కర్‌వు కాదు కదా అంటరు. పైగా మేనేజర్‌గ నీ పేరు పెట్టి చెక్కుల మీద సంతకాలు తీస్కుంటే, అప్పులోళ్లు నీ దగ్గరికే వస్తరు. చెక్ బౌన్స్ కేసులల్ల 2022ల రూల్స్ కొంత నరమైనయి, కానీ కోర్టు అమలు కేసు, దేశం దాటకుంట ట్రావెల్ బ్యాన్ ఇంకా ఉన్నయి. అరబ్బీల ఉన్న కాయిదాన్ని చదివిపిచ్చుకోకుంట సంతకం పెట్టొద్దు.

పక్క దేశాల రూల్స్ వేరు

దుబాయ్ రూల్ గల్ఫ్ మొత్తానికి అనుకోవద్దు. సౌదీల సొంత కంపెనీ పెట్టాలంటే పెట్టుబడుల మంత్రిత్వ శాఖ కాడ రిజిస్టర్ కావాలె. సౌదీ మనిషి పేరు అడ్డం పెట్టుకొని దుకాణం నడిపితే దాన్ని తసత్తుర్ అంటరు. 2020ల తెచ్చిన చట్టం ప్రకారం ఐదేండ్ల దాక జైలు, 50 లక్షల రియాళ్ల దాక ఫైన్, ఆపైన దేశం నుంచి పంపిచ్చేస్తరు. ఒమన్‌ల 2020 నుంచి 100 శాతం వాటాకు తొవ్వ ఉంది, కానీ చానా చిన్న వ్యాపారాలు ఒమానీలకే పెట్టుకున్నరు. కువైట్‌ల మామూలు కంపెనీకి ఇంకా 51 శాతం కువైటీదే.

ఇంటి కాడికెళ్లి పైసలు పంపాలంటే

ఆడ సంపాయించిన పైసలు ఆడ పెట్టుకునేటందుకు మన ఆర్‌బీఐతోని ఇబ్బంది లేదు. ఇంటి కాడున్న అన్నదమ్ములు పెట్టుబడి పంపాలంటే బ్యాంకు నుంచే పంపాలె. ఏడాదికి ఒక్క మనిషికి 2,50,000 డాలర్ల దాక హద్దుంది, 2022ల వచ్చిన విదేశీ పెట్టుబడి రూల్స్ ప్రకారం కాయిదాలు కట్టాలె. భూమి అమ్మిన పైసలు హుండీల పంపితే, రేపు అవి మావేనని చెప్పుకునేటందుకు ఏ ఆధారం ఉండదు.

యజమాని అయినంక

ఆ దేశాలు పెట్టుబడి పట్టుకొచ్చినోనికి తలుపు తెరిచినయి. చెమట పట్టుకొచ్చినోని వీసా మాత్రం ఇంకా యజమాని చేతులనే ఉన్నది. మనోడు కంపెనీ పెడితే మొదలు పనికి పెట్టుకునేది మన ఊరోళ్లనే. యూఏఈ కొత్త కార్మిక చట్టం 2022 ఫిబ్రవరి నుంచి అమలుల ఉంది. దాని ప్రకారం పనోని పాస్‌పోర్టు దగ్గర పెట్టుకోవద్దు, రిక్రూట్‌మెంట్ ఖర్చు వాని నెత్తిన వెయ్యొద్దు. జీతం బ్యాంకు సిస్టంల టైముకు పడాలె. నిన్నటిదాక అర్బాబ్ చేసిండని మనం ఏడ్సిన పని, రేపు మనమే అర్బాబ్ అయి చేస్తే ఆ కంపెనీ ఎవరి పేరు మీదుంటే ఏం ఫాయిదా? కాయిదం నీ పేరు మీదికి తెచ్చుకో తమ్మీ, దాంతోని పాటు నీ కింద పనిచేసేటోని హక్కు కాయిదం కూడ వాని చేతుల పెట్టు.