ల్యాండ్ క్రూజర్‌లో షెవర్లే ఇంజను, దాని నెత్తిన కార్బొరేటర్: పాత కథ ఒకటి

ఈ రోజు సెలవు, కొంచెం పొడుగ్గానే రాస్తున్న. టీ పెట్టుకొని నిదానంగ చదవండి. గ్యారేజీలల్ల పనిచేసే మనోళ్ళు ఎప్పటి నుంచో అడుగుతున్నరు: పాత ల్యాండ్ క్రూజర్ల ఇంజను దించి వి-8 ఎక్కిస్తరు కదా, దానికి ఎంత పెద్ద కార్బొరేటర్ పెట్టాలె అని. నన్నడిగితే సైజు సంగతి తర్వాత చూసుకోవచ్చు. ముందు చూడాల్సింది పెట్రోలు ఆగే గిన్నె ఎక్కడుంది అనేది. అది అర్థం కావాలంటే కథ మొదటి నుంచి చెప్పాలె.

1933లో జపాన్‌లో కిచిరో టొయోడా ఒక షెవర్లే కారు కొనిపిచ్చి, నట్టు నట్టు విప్పిచ్చి చూసిండు. దాన్ని చూసి చేసిందే 1935 నాటి టొయోటా టైప్ ఎ ఇంజను, ఆరు సిలిండర్లది. దాని వెనక వచ్చిన టైప్ బి ఇంజనును 1951లో బిజె అనే జీపులాంటి బండికి పెట్టిన్రు. ఆ బండిని ఫుజీ కొండ ఆరో మజిలీ దాకా ఎక్కిచ్చి చూపిచ్చిన్రు. 1954లో దానికి ల్యాండ్ క్రూజర్ అని పేరు పడ్డది, 1960లో మనందరికీ తెలిసిన ఎఫ్‌జె40 వచ్చింది. అంటే తర్వాత అమెరికావాళ్ళు ఎఫ్‌జె40లో షెవర్లే ఇంజను దించినప్పుడు, అది ఒక రకంగ పుట్టింటి ఇంజనే. నవ్వులాటకు అంటున్న గాని, మాట అబద్ధం కాదు.

ఎందుకు దించిన్రు? టొయోటా ఆరు సిలిండర్ల ఇంజను మొండిది, చావదు, కానీ ఉరకదు. అమెరికా హైవేల మీద వెనకొచ్చే లారీలు హారన్ కొట్టేవి. అక్కడి తుక్కు యార్డుల నిండ షెవర్లే చిన్న వి-8 ఇంజన్లు. 1955లో 265 ఘనపుటంగుళాలతో మొదలైన ఆ రకం, 1967కు 350 అయింది, అంటే 5.7 లీటర్లు. కొట్లకొద్దీ తయారైనయి, కారుచౌక. టొయోటా గేరుబాక్సుకు కలిపే అడాప్టర్లు కూడ అమ్మకానికి వచ్చినయి. అట్లాంటి బండ్లు ఇక్కడ గల్ఫ్‌లో కూడ అక్కడక్కడ కనపడతయి.

ఇంజను ఎక్కింది, బానే ఉంది. చిక్కంతా దాని నెత్తి మీద కూసున్న కార్బొరేటర్‌తోటి. ఎందుకంటే అది రోడ్డు మీద పోయే కారు కోసం పుట్టింది. హోలీ కంపెనీ 4150 మోడల్ 1957లో ఫోర్డ్ థండర్‌బర్డ్ కోసం వచ్చింది. కార్టర్ ఎఎఫ్‌బి కూడ అదే ఏడు. జనరల్ మోటార్స్ వాళ్ళ రోచెస్టర్ క్వాడ్రాజెట్ 1965లో. ఈ మూడింట్లో ఏ ఒక్కదాన్నీ కొండ ఎక్కడానికి గీయలేదు.

మనకు రసమట్టం తెలుసు కదా. పలకను ఎంత వంచినా లోపలి నీళ్ళు మాత్రం భూమికే సమానంగ ఉంటయి. కార్బొరేటర్ గిన్నెలో పెట్రోలు కూడ అంతే. బండి వంగుతది, పెట్రోలు మట్టం వంగదు. గిన్నెలోని మట్టం కంటే పెట్రోలు బయటికొచ్చే నాజిల్ మూతి కొద్దిగ మాత్రమే పైకుంటది, కొన్ని మిల్లీమీటర్లు. గాలి గొంతులోకెళ్ళి జోరుగ పోతుంటే ఆ ఒత్తిడి తేడాకు పెట్రోలు ఎగబాకి వస్తది. ఇప్పుడు లెక్క వెయ్యండి. గిన్నె నాజిల్‌కు 5 సెంటీమీటర్ల ముందు ఉందనుకుందాం. బండి ముక్కు 30 డిగ్రీలు పైకి లేస్తే గిన్నె నాజిల్ కంటే రెండున్నర సెంటీమీటర్లు ఎత్తుకు పోతది. ఇగ గాలి పీల్చే పనే లేదు, పెట్రోలు దానంతట అదే గొంతులోకి కారుతది. నల్ల పొగ, ఇంజను బంద్. గిన్నె 2 సెంటీమీటర్ల దూరంలోనే ఉంటే తేడా 1 సెంటీమీటరే.

హోలీకి గిన్నెలు రెండు, ముందొకటి వెనకొకటి, గొంతులకు బయట వేలాడుతుంటయి. ఎక్కేటప్పుడు ముందు గిన్నె పొర్లుతది. దిగేటప్పుడు అదే గిన్నెలో జెట్లు ఎండిపోతయి.

జగిత్యాల తమ్ముడొకడు ఇక్కడ సనయ్యలో ఒక గ్యారేజీలో పనిచేస్తడు. అట్లాంటి బండి ఒకటి రిపేరుకొచ్చింది. సమంగ ఉన్న నేల మీద గడియారం తీర్గ నడుస్తది, వాడీలో గట్టు ఎక్కంగనే ఆగిపోతది. మూడుసార్లు జెట్లు మార్చిండు. ఓనరు మూడుసార్లు తిట్టిండు. ట్యూనింగ్ రాదని అర్బాబ్ జీతంలో 50 రియాల్ కోసిండు. నేను సైటు నుంచి డిగ్రీలు చూపే లెవెల్ పట్టుకొని పోయిన. పలకలు పేర్చి బండి ముక్కు లేపినం, ఇంజను బంద్ పెట్టినం, సిగరెట్లు బయట పారేయించి గొంతులోకి టార్చ్ కొట్టినం. ఇంజను తిరగకుండనే నాజిల్ నుంచి పెట్రోలు చుక్కలు చుక్కలుగ పడుతున్నది. అది చూశాక అర్బాబ్ నోరు మూసిండు, పైసలు మాత్రం వాపసియ్యలేదు. జెట్టు ఎన్నిసార్లు మార్చినా ఇది పోయేది కాదని ముందే ఓనరుకు చూపిచ్చి ఉంటే తమ్ముడి జీతం మిగిలేది. అందుకే ఇదంతా రాస్తున్న.

హోలీయే పెట్టుకున్నోళ్ళు గిన్నెల గాలి గొట్టాలు రెంటినీ ఒక రబ్బరు పైపుతోటి పైన కలిపి, నడిమధ్యన నెత్తి మీద గాటు పెడతరు. గతుకుల్లో ఎగిరిన పెట్రోలు గొంతులో పడకుండ ఆగుతది. స్ప్రింగ్ ఉన్న నీడిల్ వేస్తే ఇంకొంచెం మేలు. కానీ గిన్నె ఉన్న జాగ మారదు కదా.

క్వాడ్రాజెట్‌ది ఒకటే గిన్నె, చిన్నది, గొంతుల నడుమ ఇరికిచ్చి ఉంటది. అమెరికాలో దీన్ని చెత్త అని వెక్కిరిచ్చిన్రు, పేరునే విరిచి క్వాడ్రాజంక్ అన్నరు. అతుకులు ఎక్కువ, విప్పితే మళ్ళ కుదిర్చెటోళ్ళు తక్కువ, అందుకని ఆ పేరు. రేసుల్లో ఆ చిన్న గిన్నె ఒక లోపం, తొందరగ ఖాళీ అయితది. కొండ మీద అదే దానికి బలం. ముందు గొంతులు చిన్నయి, 35 మిల్లీమీటర్లు. మెల్లగ పోయేటప్పుడు గాలి జోరు బాగుంటది. వెనక గొంతులు 57 మిల్లీమీటర్లు, వాటి మీద ఒక గాలి తలుపు ఉంటది, ఇంజను అడిగినప్పుడే తెరుచుకుంటది. కొండలకు నేనైతే దీనికే ఓటేస్త.

ఇంకొకటి ఉంది, ఫోర్డ్ వాళ్ళ మోటార్‌క్రాఫ్ట్ 2100, రెండు గొంతులది. జీపు తయారుచేసే ఎఎంసి కంపెనీ తన 304 వి-8కు పోటీవాడైన ఫోర్డ్ దగ్గర కొని మరీ దీన్ని పెట్టింది. పక్కన 1.08, 1.21 అని అచ్చు ఉంటది, అది గొంతు కొలత అంగుళాలల్ల. అడాప్టర్ పలక వేసి షెవర్లే మీద కూడ కూర్చోబెడతరు. బలం కొంచెం తగ్గుతది, నిమ్మళం ఎక్కువ.

ఇప్పుడు సైజు. సిఎఫ్‌ఎం అంటే నిమిషానికి ఎన్ని ఘనపుటడుగుల గాలి అని. ఇంజను రెండు చుట్లకు ఒకసారే నిండుతది కాబట్టి, 350ని 4500 చుట్లతోటి గుణించి 3456తోటి భాగించండి. 456 వస్తది. సిలిండర్లు పూర్తిగ నిండవు, 80 శాతం వేసుకుంటే 365. ఇసుకలో, రాళ్ళల్లో ఇంతకంటే ఎక్కువ తిప్పేదెవరు? 750 కావాలని పట్టుబట్టే ఓనర్లకు ఈ లెక్క కాగితం మీద వేసి చూపియ్యండి. ఒక మెలిక ఉంది: రెండు గొంతులదాన్ని 3 అంగుళాల పాదరసం ఒత్తిడి తేడా దగ్గర కొలుస్తరు, నాలుగు గొంతులదాన్ని ఒకటిన్నర దగ్గర. కాబట్టి డబ్బా మీద అంకెలు పక్కపక్కన పెట్టి పోల్చొద్దు.

ట్యూనింగ్‌లో ముందు పెట్రోలు ఒత్తిడి చూడండి, 5, 6 పిఎస్‌ఐ దాటితే నీడిల్ ఆగదు. తర్వాత ఫ్లోట్ మట్టం. క్వాడ్రాజెట్ ఫ్లోట్ నురగలాంటి ప్లాస్టిక్‌ది, ఏండ్లకొద్దీ పెట్రోలు పీల్చి బరువెక్కుతది, చేతిలో పట్టి తూచి చూడాలె. పొద్దుగాల చాలాసేపు సెల్ఫ్ కొట్టాల్సి వస్తే అడుగున ఉన్న బిరడాలు కారుతున్నయేమో చూడండి, రాత్రి పెట్రోలంతా ఇంజనులోకి దిగి ఉంటది. ఇవన్నీ అయినంకనే వాక్యూమ్ గేజ్ పెట్టి, ముల్లు ఎక్కడ ఎత్తుగ, కదలకుండ నిలబడితే అక్కడ మిక్చర్ స్క్రూలు వదిలెయ్యండి. కొండ కింద కుదిర్చిన మిక్చర్ పైన చిక్కబడతది. 2000 మీటర్ల ఎత్తులో గాలి సుమారు ఐదో వంతు పలచన.

ఇక్కడి ఎండకు కార్బొరేటర్ కింద మందపాటి వేడి ఆపే స్పేసర్ తప్పదు. ఇంజను ఆపినంక గిన్నెలో పెట్రోలు ఉడుకుతది. టొయోటా వాళ్ళకు ఈ సంగతి తెలుసు, ఎఫ్‌జె60లో ఇంజను ఆపినంక కూడ కార్బొరేటర్ మీదికి గాలి ఊదే ఫ్యాన్ పెట్టిన్రు.

1987 నుంచి జనరల్ మోటార్స్ 350 ట్రక్కులకు గిన్నె లేని ఇంజెక్షన్ వచ్చింది. కార్బొరేటర్ జాగలోనే కూసుంటది, ఒత్తిడితోటి పెట్రోలు చిమ్ముతది, ఏ వంపులో ఉన్నా దానికి పట్టదు. కొండలెక్కేటోళ్ళు తుక్కు యార్డుల నుంచి అది పీకి పాత ఇంజన్లకు పెట్టుకోవడం మొదలుపెట్టిన్రు. ట్రక్కులకు వచ్చిన మూడేండ్లకు, 1990లో, క్వాడ్రాజెట్ తయారీ కార్లకు కూడ ఆగిపోయింది. ఆ ఇంజెక్షన్‌కు పెట్రోలు పంపు, వాపసు పైపు ఎట్ల వేయాలో ఇంకో సెలవు రోజు రాస్త.