లొట్టపీసు అసలు పేరు

పోయిన ఎండాకాలం మా అపార్ట్‌మెంట్ వాచ్‌మన్ మేక తల వణికించడం మొదలుపెట్టింది. నిలబడితే తల ఆడుతుంది, నడిస్తే వెనక కాళ్లు తడబడతాయి. అతనిది ఛత్తీస్‌గఢ్. ఉన్నవి రెండే మేకలు. రోజూ పొద్దున్నే ప్రగతి నగర్ అంబీర్ చెరువు గట్టు మీదికి తోలుకెళ్లేవాడు. ఏప్రిల్‌లో అక్కడ పచ్చగా మిగిలింది ఒక్కటే: నీటి అంచున మనిషెత్తు దాటి పెరిగిన పొదలు, వాటి నిండా లేత ఊదారంగు పూలు.

ఆ పూలని నేను ఆరేళ్లుగా వాకింగ్‌లో చూస్తున్నాను. ఫోటోలు తీశాను, స్టేటస్‌లు పెట్టాను. పేరు మాత్రం ఎప్పుడూ అడగలేదు.

ఇప్పుడు అడగాల్సి వచ్చింది. వాచ్‌మన్ అన్నాడు, "మా దగ్గర దీన్ని బేషరమ్ అంటారు సార్. కానీ బేషరమ్‌ని మేకలు ముట్టవు కదా, ఇది వేరే ఏదో అయ్యుంటుంది." ఫోన్‌లో యాప్ 'మార్నింగ్ గ్లోరీ' అంది. ఆ మాట కిందికి కొన్ని వందల మొక్కలొస్తాయి. మా అమ్మకి ఫోటో పంపితే క్షణంలో జవాబు: "లొట్టపీసు గదరా అది! నీకు తెల్వదా?"

మూడు పేర్లు. మూడూ ఒకటే మొక్కవా కాదా అన్నది తేలితే తప్ప పశువుల డాక్టరుకి ఏం చెప్పాలో తెలీదు. సాఫ్ట్‌వేర్‌వాణ్ణి కాబట్టి బగ్ వెతికినట్టే వెతికాను. గుర్రపుడెక్క కాదు, అది నీళ్లమీద తేలుతుంది. జమ్ము కాదు, దాని పువ్వు గోధుమరంగు కంకి. తూటికాడకి పువ్వు కాస్త ఇలాగే ఉంటుంది గానీ అది నేలబారున, నీటి మీద పాకుతుంది. పైగా మనం కూర వండుకునేది. ఇదేమో నిటారుగా నిలబడింది. ఆకు తుంచితే పాలు కారాయి. ఆకు పొడవుగా, మొదట్లో హృదయాకారంగా ఉంది. గరాటు లాంటి పువ్వు, లోపల గొంతు దగ్గర ముదురు రంగు. కాండం విరిస్తే లోపల బోలు.

ఐపోమియా కార్నియా. తూటికాడకీ చిలగడదుంపకీ దగ్గరి చుట్టం.

ఈ పేరు పెట్టినాయన నికోలస్ జాక్విన్. 1727లో లైడెన్‌లో పుట్టాడు. వియన్నా చక్రవర్తి తన షోన్‌బ్రున్ తోటలకి మొక్కలు కావాలని పంపిస్తే 1750ల్లో కరీబియన్ ప్రాంతం తిరిగి, 1759లో వెనక్కొచ్చి, మరుసటి ఏడాదే ఒక పుస్తకం వేశాడు. అందులో ఉంది మన చెరువుగట్టు మొక్క. (ఈయన కూతురు ఫ్రాంజిస్కాకి పియానో నేర్పింది మొజార్ట్. చెరువు కంపులో నిలబడి ఈ సంగతి చదివినప్పుడు కొంచెం నవ్వొచ్చింది.) కార్నియా అంటే లాటిన్‌లో మాంసపు రంగుది. జాక్విన్‌కి కనబడింది పువ్వు.

అయితే జాక్విన్ మొక్క తీగలా అల్లుకునేది, ఆకు గుండ్రం. మనది నిటారు పొద. దీని దారి వేరు. 1817 నుంచి 1820 దాకా బ్రెజిల్ తిరిగిన జర్మన్ వృక్షశాస్త్రవేత్త మార్టియస్ దీనికి 'ఫిస్టులోసా' అని పేరు పెట్టుకుంటే, 1845లో ష్వాజీ అనే స్విస్ పండితుడు దాన్ని అచ్చువేశాడు. 1977లో డేనియల్ ఆస్టిన్ ఈ రెండూ ఒకే జాతిలో రెండు ఉపజాతులని తేల్చాడు. కాబట్టి అంబీర్ చెరువు దగ్గరున్నది ఐపోమియా కార్నియా, ఫిస్టులోసా ఉపజాతి.

ఫిస్టులోసా అంటే గొట్టంలా బోలుగా ఉన్నది. అంటే లొట్ట!

నన్ను ఆపేసింది ఇక్కడే. లాటిన్ రాని మా అమ్మమ్మ తరం, తెలుగు రాని మార్టియస్, ఇద్దరూ కాండం విరిచి చూసి ఒకే పేరు పెట్టారు. మనవాళ్లు పువ్వు సంగతే పట్టించుకోలేదు. కంచెకి పాతుకున్నవాళ్లకి, ఎండబెట్టి పొయ్యిలో పెట్టినవాళ్లకి చేతికి తెలిసింది దాని బోలుతనమే. పొడుగు చూస్తే చెట్టంత, బలం చూస్తే ఏమీ లేదు. అందుకే అది తిట్టు కూడా అయింది. 2025 జనవరిలో 'లొట్టపీసు కేసు' అన్నమాట టీవీల్లో మోగినప్పుడు మా ఆఫీసులో సగంమందికి అదో మొక్కని తెలీదు. నాకూ తెలీదు. నవ్వాను మాత్రం.

1780ల్లో సామర్లకోటలో మొక్కలు పెంచిన రాక్స్‌బర్గ్, తన పుస్తకాల్లో లాటిన్ పేరు పక్కనే 'తెలింగ' పేరు కూడా అచ్చువేయించాడు. కంపెనీ ఉద్యోగికి ఉన్న ఆ అలవాటు నా ఫోన్‌లో యాప్‌కి లేదు.

బేషరమ్ కూడా ఇదే మొక్క. సిగ్గులేనిది అని ఎందుకన్నారంటే, నరికి పారేసిన ముక్క తడి తగిలితే చాలు మళ్లీ వేరు పోస్తుంది. పశువులు తినవు కాబట్టే దక్షిణ అమెరికా నుంచి వచ్చిన దీన్ని మన దగ్గర కంచెలకి నాటారు. కంచె నుంచి కాలవలోకి, కాలవ నుంచి చెరువులోకి దిగింది. ప్రగతి నగర్ 2019లో నిజాంపేట కార్పొరేషన్‌లో కలిసింది. చెరువు కింద పొలాలు ఎప్పుడో ప్లాట్లయ్యాయి. పూడిక మట్టి బండికెత్తుకునే రైతు లేడు, డ్రైనేజీ నీళ్లకి కొదవ లేదు. ఇంతకంటే దానికేం కావాలి?

ఇక వాచ్‌మన్ వాదన. మేకలు మామూలుగా ముట్టవన్నది నిజమే. కానీ వేరే మేత దొరక్కపోతే తింటాయి, ఒకసారి మరిగితే వెతుక్కుని మరీ తింటాయి. ఇందులో స్వైన్సోనిన్ అనే విషం ఉంది. ఒక్కపూటలో చంపదు. వారాల తరబడి తింటే కణాల్లో చక్కెర పదార్థాలు అరక్క పేరుకుపోతాయి, నరాలు దెబ్బతింటాయి. తల వణకడం, కాళ్లు తడబడటం దానివల్లే.

డాక్టరు ఫోటో చూసి, ముందు ఆ మేత మాన్పించమన్నాడు. వాచ్‌మన్ మేకల్ని సెల్లార్‌లో కట్టేసి, కూరగాయల మార్కెట్ నుంచి కాలీఫ్లవర్ ఆకులు తెచ్చి వేశాడు. చిన్నది బాగానే ఉంది. పెద్దదానికి నడక కుదుటపడింది గానీ, ఎవరైనా హఠాత్తుగా దగ్గరికెళ్తే తల ఇంకా ఆడిస్తుంది.

జూన్‌లో జేసీబీ వచ్చి గట్టు పక్కన పొదలన్నీ పీకి, కట్టమీదే కుప్ప పోసి వెళ్లింది. రెండు వానలు పడ్డాక వెళ్లి చూశాను. కుప్ప చిగురించింది.