గడి తీరు, గడిలోని వ్రాత

పెద్దాపురము పేరు చెప్పగానే పండితులకు వత్సవాయి ప్రభువుల సంస్థానమును, దానితో ముడివడిన ఏనుగు లక్ష్మణకవియు జ్ఞప్తికి వత్తురు. నేను ఈ ప్రసంగమున చెప్పదలచినది కవులను గూర్చి కాదు, కరణములను గూర్చి. కవి వ్రాసినది చదువనివారు గ్రామమున పెక్కుమంది యుందురు గాని, కరణము వ్రాసిన దానితో పనిలేని రైతు ఉండడు. ఆ వ్రాతకు ఆధారమైన గడుల పట్టిక మన లెక్కలలోనికి ఎట్లు వచ్చినది, ఒక పుస్తకపు గడుల తీరును మఱియొక పుస్తకమునకు మనవారెట్లు ఎత్తికొనుచు వచ్చిరి, నేడు కంప్యూటరులో గడిలోని వ్రాతను విడిచి గడి తీరును మాత్రమే ప్రతి తీయుట యెట్లు సాధ్యమైనది అనునది విషయము. దీనిని గుమాస్తాల పనిగా ఎంచి త్రోసివేయరాదు. ఎందులకో ముందు తెలియగలదు.

తాటాకుపై గడులు లేవు. ఆకు ఈనెల వెంట గంటముతో నిడుపాటి గీత గీచినచో ఆకు చీలునను భయము కలదు. కావున పూర్వపు లెక్కలు వాక్యములవలె వరుసగా సాగెడివి: ఫలానా రైతు, ఫలానా చెఱువు క్రింది భూమి, ఇన్ని పుట్లు, ఇన్ని తూములు. మసి పూసిన గుడ్డను మడతలుగా మడిచి బలపముతో వ్రాసెడి కడితములు కూడ ఉండెడివి. వానిపై వ్రాసినది చెఱిపి మరల వ్రాయవచ్చును. గడి లేని లోటును చాలవఱకు మన భిన్నముల గుర్తులే తీర్చెడివి. పావు, అర, ముప్పావులకు నిలువు గీతలు. వీసమునకును, రెండు మూడు వీసములకును అడ్డగీతలు. గీత నిలుచున్నదో పరుండియున్నదో చూచి, అది పావుల లెక్కయో వీసముల లెక్కయో గ్రహించెడివారు. గడి చేయవలసిన పనిని గీతయే చేసెడిది. ఇంత క్లుప్తమైన యుపాయమును మఱచిపోవుట మనకు లాభము కాలేదని నా యభిప్రాయము.

ప్రతులు వ్రాయు లేఖకుల పద్ధతి వేఱొకటి. మాతృకలో ఆకు విఱిగినచోటనో పురుగు తిన్నచోటనో మంచి లేఖకుడు తన ప్రతిలో అంత మేర ఖాళీ విడిచెడివాడు. దానినే గ్రంథపాతమనిరి. కడపలో బ్రౌను దొర పండితులను కూర్చుండబెట్టి తాళపత్రములకు ప్రతులు వ్రాయించిన కాలమునను వారికి ఎదురైన చిక్కు ఇట్టిదే. ఖాళీని పూరించుట పండితుని పని. ఖాళీని ఖాళీగా చూపుట లేఖకుని ధర్మము. అనగా వ్రాతను మాత్రమే గాక, వ్రాత ఉండవలసిన చోటును కూడ ప్రతి తీయుట మన దేశమున క్రొత్త కాదు.

1802లో కుంపినీవారు శాశ్వతపు పైసలా ప్రవేశపెట్టిరి. ఆ సంవత్సరమే కరణములు ఉంచవలసిన లెక్కలను గూర్చి 29వ రెగ్యులేషను చేసిరి. పెద్దాపురము జమీ పందొమ్మిదవ శతాబ్ది మధ్యభాగమునకు సర్కారు చేతిలోనికి పోయెను. అటుపిమ్మట సర్వేలు, సెటిల్మెంట్లు వచ్చెను. వానితో గీతల కాగితమును, నంబరు లెక్కలును వచ్చెను: రెండవ నంబరు అడంగలు, పదవ నంబరు చిట్టా మున్నగునవి. రెండు భాషలలో అచ్చయిన సెటిల్మెంటు రిజిస్టరును పెద్దలు నేటికిని డైగ్లాటు అనియే పిలుతురు. జూలై మొదటి తేదీన క్రొత్త ఫసలీ వచ్చును; ప్రతి ఫసలీకి క్రొత్త పుస్తకము కావలెను; జమాబందీలో దానిని తనిఖీ చేయుదురు. అచ్చు ఫారములు చాలనప్పుడు కరణము చేయునదేమి? పాత పుస్తకమును ప్రక్కన బెట్టికొని, దాని ఖానాల వెడల్పును క్రొత్త కాగితపు అంచున గుర్తుపెట్టి, రూళ్ళకర్ర దొర్లించుచు గీతలు గీచుటయే. పాత పేర్లు రావు, పాత అంకెలు రావు. ఖానాలు మాత్రము వచ్చును. 1984లో గ్రామోద్యోగుల పదవులు రద్దగువఱకు అరుగులపై ఈ పనిని చూచినవారు మీలో పెక్కుమంది యుందురు.

ఆ పట్టికలో నాకు మిక్కిలి నచ్చిన మాటలు రెండు: సదరు, షరా. సదరు అనగా పై గడిలో వ్రాసినదే ఈ గడిలోను ఉన్నట్లు. ఇది వ్రాతను ఎత్తికొనుట. రూళ్ళకర్ర చేయునది తీరును ఎత్తికొనుట. షరా అనునది చివరి ఖానా. ఏ గడిలోను ఇమడని నిజమునకు అది ఆశ్రయము. ఏటిగట్టు తెగి మునిగిన పొలమైనను, తగవులో నున్న గట్టైనను షరాలోనికి చేరెడిది.

ఇక నేటి సంగతి. 1979లో అమెరికాలో డాన్ బ్రిక్లిన్, బాబ్ ఫ్రాంక్‌స్టన్ అనువారు విసికాల్క్ అను లెక్కల పట్టికను కంప్యూటరుపై నిలిపిరి. కాగితపు ఖాతాపుస్తకమే దానికి మాతృక. 1989 నాటి వర్డ్‌పర్‌ఫెక్ట్ 5.1లో ఉత్తరములు వ్రాయు వర్డ్ ప్రాసెసరులోనికి కూడ గడుల పట్టిక ప్రవేశించెను. పిదప కుంచె బొమ్మ గల మీట వచ్చినది. కావలసిన తీరు గల గడిని పట్టుకొని ఆ కుంచెను నొక్కి, వేఱొక గడిపై పూసినచో, మొదటి గడి రంగు, అంచుల గీతలు, అక్షరముల లావు రెండవ దానికి అంటును. అందలి మాటలు అంటవు. కుంచెను రెండుమార్లు నొక్కినచో అది చేతనే యుండును, ఎన్ని గడులకైనను పూయవచ్చును. ఒక మెలకువ కలదు. గడిలోని మాటను మాత్రమే పట్టుకొన్నచో సాధారణముగా అక్షరముల తీరు మాత్రమే వచ్చును. గడి తీరు రావలెనన్న గడినంతటిని పట్టవలెను. మన కరణము రూళ్ళకర్రతో పూట పట్టి చేసిన పని ఇక్కడ ఱెప్పపాటులో ముగియును.

గడి తీరు అలంకారము మాత్రమే యనుకొందురేమో. లెక్కల పట్టికలో ఎకరము పది సెంట్లను 1.10 అని కొట్టి చూడుడు. గడికి తగిన తీరు చెప్పనిచో యంత్రము చివరి సున్నను మ్రింగి 1.1 అని చూపును. యంత్రము దృష్టిలో రెండును ఒకటే. అచ్చుకాగితము చేతబట్టిన రైతు దానిని ఎకరము ఒక సెంటని చదువును. తొమ్మిది సెంట్లు కంటియెదుటనే మాయమైనట్లు గుండె గుభేలుమనును. సర్వే నంబరు 5లో రెండవ సబ్‌డివిజనును 5/2 అని కొట్టినచో యంత్రము దానిని తారీఖని తలచి ఏ నెలపేరో వ్రాయును. మందు ఒక్కటే: రెండు దశాంశములు చూపునట్లు దిద్దిన గడి తీరును విస్తీర్ణపు ఖానా అంతటికిని పూయవలెను, సర్వే నంబరు ఖానాకు, అంకె కొట్టకముందే, ఉన్నదున్నట్లుగా ఉంచు తీరు పూయవలెను. తారీఖుగా మాఱిన పిదప తీరు మార్చినను పాత నంబరు తిరిగి రాదు.

అయినను ఇంతకన్న పెద్ద చిక్కు ఖానాల యెన్నికలో నున్నది. అడంగలులో పట్టాదారునకు ఒక గడి, అనుభవదారునకు వేఱొక గడి. భూమి ఎవనిది, దున్నువాడెవడు అను రెండు ప్రశ్నలు వేఱని ఒప్పుకొన్న పట్టిక యది. తెలంగాణలో 2020 అక్టోబరు 29న ధరణి మొదలైనప్పుడు ఈ అనుభవదారు ఖానాను విడిచివేసిరి. ఖానా పోయిన పిదప కౌలుదారుడు పొలములోనే యున్నను పట్టికలో లేకపోయెను. వానిని వ్రాయుటకు అందు చోటే లేకుండెను. మన సీమలో 2015లో వచ్చిన మీభూమి అడంగలున ఆ ఖానా నిలిచినది. కాని కౌలుదారుడు దున్ను భూమికి సైతము రెండవ గడిలో పట్టాదారు పేరే మరల కనబడుట కద్దు. తీరు నిలిచినది గాని, వ్రాత సదరు అయినది.

గోదావరి క్రింద కౌలుసేద్యము ఎంత యున్నదో మీకు వేఱుగ చెప్పనక్కఱలేదు. పంటనష్టపు సొమ్ము వచ్చినను, బ్యాంకు అప్పు కావలసినను మొదట చూచునది ఆ రెండవ గడినే. దీనికై 2011లో ఒక చట్టమును, 2019లో పంట సాగుదారుల హక్కుల చట్టమును వచ్చెను. 2019 చట్టము క్రింద ఇచ్చు పత్రము పదునొకండు నెలలకు చెల్లునది. దానికి భూమిగలవాని సంతకము కావలెను. ఆ సంతకమునకు విడిచిన చోటు కూడ ఒక గడియే. తక్కిన గడులన్నియు నిండినను, ఆ యొక్క గడి ఖాళీగా నున్నచో కౌలుదారునకు పత్రము రాదు.