మగ్గం ఇంటికి కాపలా: బురుజు నుంచి చట్టం దాకా

మన సంచికల్లో కులచరిత్ర అనగానే కత్తులు, యుద్ధాలు ముందుకొస్తాయి. చోళుల కాలంలో కైక్కోలర్లు సైనిక దళాల్లో ఉన్నట్టు శాసనాలు చెబుతున్నాయి, అది నిజమే. అయితే మన పెద్దల్లో ఎక్కువమంది ఆయుధం సంగతి ఆలోచించింది రాజు కోసం కాదు, ఇంటి కోసం. ఆ సంగతి ఈసారి చెప్పుకుందాం.

నేతగాడికి ఇల్లే కార్ఖానా. గుంటమగ్గం, నూలు, సగం నేసిన చీర, షావుకారు ఇచ్చిన బయానా అన్నీ ఒకే కప్పు కింద ఉంటాయి. దొంగలు పడితే సొమ్ముతో పాటు పనీ పోతుంది, అప్పు మాత్రం మిగులుతుంది. మగ్గాన్ని ఎత్తుకుని పారిపోలేం కదా!

అందుకే ఎవరి ఇల్లు వాళ్లు కాచుకోవడం కన్నా ఊరంతా కలిసి కాచుకోవడం మనవాళ్లకు అలవాటైంది. బళ్లారి, అనంతపురం, కర్నూలు సీమల్లో గుండ్రటి బురుజులు ఇప్పటికీ కనిపిస్తాయి. గుర్రపు దండు వస్తోందంటే ఆడవాళ్లు, పిల్లలు బురుజులోకి చేరేవాళ్లు. పైనుంచి నాటు తుపాకులు, ఒడిసెల రాళ్లు పనిచేసేవి. మామూలు రోజుల్లో తలారి కాపలా ఉండేది. అందుకు ఊరు అతనికి మేర కొలిచేది.

ఈస్టిండియా కంపెనీ పాలెగాళ్లను అణచి, రక్షణ బాధ్యత మాదే అంది. 1816 మార్చిలో ఆ మాటకు పరీక్ష వచ్చింది. పిండారీ గుర్రపు దండు గుంటూరు మీద పడింది. కొద్దిమంది సిపాయిలు కలెక్టరు కచేరీని, ఖజానాను కాపాడగలిగారు. పట్టణంలో ఇళ్లు మాత్రం దోపిడీ అయ్యాయి. పన్నెండు రోజుల లోపే ఆ దండు 339 గ్రామాలను దోచింది. 182 మంది చనిపోయారు, 505 మంది తీవ్రంగా గాయపడ్డారు, 3,603 మంది చిత్రహింసలు అనుభవించారు. దాచిన సొమ్ము చెప్పమని వేడి బూడిద సంచిని మొహానికి కట్టేవాళ్లు. ఆ ఏడాది చివర్లో మరో గుంపు గంజాం జిల్లాలో కిమిడి వైపు దిగింది. ఖజానాకున్న కాపలా ఇంటికి లేకపోతే ఏమవుతుందో ఈ లెక్కలే చెబుతాయి.

అదే 1816లో మద్రాసు ప్రభుత్వం 11వ రెగ్యులేషన్ తెచ్చి, గ్రామపెద్దకు, తలారికి పోలీసు పని మళ్లీ అప్పగించింది. 1860 శిక్షాస్మృతి ఆత్మరక్షణ హక్కును రాతలో పెట్టింది. 1878 ఆయుధాల చట్టం తుపాకీకి లైసెన్సు అడిగింది. అంటే హక్కు ఇంటివాడి దగ్గరే ఉంది, ఆయుధం మాత్రం సర్కారు అనుమతి కిందికి పోయింది.

2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో ఈ హక్కు 34 నుంచి 44 దాకా సెక్షన్లలో ఉంది. పొద్దుగూకాక, తెల్లవారక ముందు ఇల్లు పగలగొట్టి వచ్చినవాణ్ణి అడ్డుకోవడంలో వాడి ప్రాణం పోయినా 41వ సెక్షన్ రక్షణ ఇస్తుంది. దానికీ హద్దుంది. అవసరానికి మించి కొట్టకూడదు. పోలీసులను పిలిచే వ్యవధి ఉంటే పిలవాలి. దొరికినవాణ్ణి కట్టేసి బాదడం ఆత్మరక్షణ కిందికి రాదు.

ఇవాళ మన పేటల్లో పిల్లలు బెంగళూరు, పుణె వెళ్లిపోయి, పెద్దవాళ్లు ఒంటరిగా ఉన్న ఇళ్లు ఎన్నో. వాళ్లకు కావలసింది గోడ మీద కత్తి కాదు, పిలిస్తే పలికే వీధి. మన శాఖా సంఘాలు తమ ఊరి బురుజు ఫోటో, పాత కాపలా కట్టుబాట్లు రాసి పంపితే వచ్చే సంచికలో వేస్తాం. దాంతోపాటు, వీధికో నలుగురు రాత్రి ఫోనెత్తేవాళ్ల పేర్లు కూడా రాసిపెట్టుకుందాం.